మెలికలమ్మ అరగదీసిన ఎనిమిది

మెలికలమ్మకు భయపడటం కొత్త కాదు. కుక్కంటే భయం, లిఫ్టంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే భయం. పోస్టులో ఏదైనా కవరు వస్తే దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, తను వంటింట్లోకి వెళ్లి, తలుపు చాటు నుంచి "ఏముందిరా అందులో?" అని అడిగేది. "కరెంటు బిల్లు అక్కా, ఉరిశిక్ష కాదు" అనేవాడు తమ్ముడు. ఇంట్లో అందరికీ అదొక కాలక్షేపం. ఆటపట్టించడానికి ఒక మనిషి దొరికితే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

కలం పట్టుకుంటే మాత్రం ఆ మనిషే వేరు. ఒక్క వంపు తడబడేది కాదు, ఒక్క గీత వణికేది కాదు. అక్షరానికి ముందొక మెలిక, వెనకొక మెలిక, చివర తోకకి ఇంకో మెలిక. వీధంతా ఆమెను మెలికలమ్మ అనడానికి కారణం అదే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, భయమేసి ఊరుకున్నానని తనే నవ్వేసేది. తమ్ముడి ఇంట్లో, వీధి వైపు గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని అరవై ఏళ్ల దగ్గరికి వచ్చేసింది.

ఆ చెయ్యి తండ్రి నుంచి వచ్చింది. ఆయన కొట్ల అద్దాల మీద పేర్లు రాసేవాడు. ఎండకీ వానకీ పోకుండా ఉండాలని అద్దానికి లోపలి వైపు నుంచి, అక్షరాలు తిరగేసి రాసేవాడు. చిన్నప్పుడు ఆమె పని బయట వీధిలో నిలబడి చదవడం. ఎక్కడైనా తేడా ఉంటే వేలితో అద్దం మీద టకటకమని కొట్టి చూపించాలి. చదివేవాళ్ల వైపు ఒక మనిషి నిలబడందే ఆయన బ్రష్షు రంగులో ముంచేవాడు కాదు. ఆమెకు జ్వరం వస్తే ఆ రోజు పనికి సెలవే.

పెద్దయ్యాక ముప్పై ఏళ్లపాటు బడులకు, క్లబ్బులకు, పోటీలు పెట్టే సంఘాలకు ప్రశంసాపత్రాలు రాసింది. ఎవరో పరుగుపందెంలో గెలుస్తారు, ఎవరో పాతికేళ్లు నౌకరీ చేసి రిటైరవుతారు. వాళ్ల పేర్లు మెలికలమ్మ చేతిలో వంపులు తిరిగి, ఫ్రేముల్లోకి ఎక్కి, ముందుగదుల గోడల మీద దర్జాగా కూర్చునేవి. తర్వాత ప్రింటర్లు వచ్చాయి. పని పల్చబడింది. సిరా సీసాలు అడుగంటా ఎండిపోవడం ఇంట్లో అందరూ చూశారు.

అప్పుడు మేనకోడలు పట్టుకుంది. కంప్యూటర్ మీద బొమ్మలు, అక్షరాలు చేసే పిల్ల. "అత్తా, నీ అక్షరాల్ని ఫాంటు చేద్దాం. నువ్వు ఒక్కసారి రాస్తే చాలు, లోకమంతా నీ చేత్తోనే రాసుకుంటుంది" అంది. ఆ మాటకి మెలికలమ్మ మొహం చూడాలి. వద్దు వద్దంటూనే మర్నాడు కొత్త సిరా తెప్పించుకుంది.

కొత్త అక్షరాలకు గిరాకీ లేదు, పాతబడినట్టుంటేనే జనానికి మోజు అని మేనకోడలు చెప్పింది. కంప్యూటర్‌తోనే మచ్చలు, గీరలు వేసి చూపించింది. మెలికలమ్మ చూసి మూతి విరిచింది. "ఇది అరిగినట్టు లేదే, ఎలకలు కొరికినట్టుంది" అంది. ఇక తన పద్ధతి తను మొదలుపెట్టింది. అక్షరం రాయడం, దాన్ని అచ్చు తీసి అట్టకు అతికించడం, గరుకు కాగితంతో రుద్దడం, తడిగుడ్డతో అద్దడం, ఎండలో పెట్టడం, మళ్లీ రుద్దడం. నచ్చకపోతే పారేసి మొదటికి రావడం. ఒక్కో అక్షరానికి పాతిక అట్టలు తగలేసింది. మూడేళ్లు పట్టింది. చివరికి అవి ఎప్పుడో ఎవరో గోడ మీద రాసి వదిలేసిన పేర్లలా, సగం చెరిగి, సగం నిలిచి, చూసినకొద్దీ చూడాలనిపించేలా దిగాయి. ఆ ఫాంటుకి 'పాత ఉత్తరం' అని పేరు పెట్టి మేనకోడలు దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది.

వీధి మలుపులో మందుల షాపాయన ముందుగా మురిసిపోయాడు. తాత పెట్టిన షాపు కదా, తాత కాలం నాటిలాగే కనపడాలని బోర్డంతా ఆ అక్షరాలతో వేయించాడు. "మా షాపుకి వయసు తెచ్చిపెట్టారండీ" అన్నాడు. మెలికలమ్మ ఆ నెలంతా పనున్నా లేకపోయినా ఆ మలుపు మీదుగానే నడిచింది.

ఆ రోజు ఉదయం పది దాటాక బీపీ మాత్రల కోసం వెళ్లింది. కౌంటర్ మీద కొత్త ప్రింటరొకటి కనపడింది. దాని నోట్లోంచి చిన్న స్టిక్కర్లు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కోటి బొటనవేలంత.

"ఇన్నాళ్లూ సీసాల మీద పెన్నుతో గీకేవాణ్ణి. నిన్న సాయంత్రం నుంచి మీ అక్షరాలే" అన్నాడు షాపాయన, ఒకటి చింపి ఆమె చేతికిస్తూ.

మెలికలమ్మ కళ్లద్దాలు సర్దుకుని చదివింది. ఒక చెంచా, 3 గంటలకొకసారి.

"మూడు గంటలకొకసారి తాగాలా? ఏం మందండీ?" అని మాటవరసకి అడిగింది.

"మూడేంటండీ, ఎనిమిది కదా. నేనే కొట్టాను."

ఆమె ఆ కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది. తను రాసిన అంకె. తను రుద్దిన అంకె. తనే మూడని చదివింది.

బోర్డు మీద జానెడు ఎత్తున రాసినప్పుడు ఆ ఎనిమిదికి ఎడమ పక్కన సన్నటి గీతలు తెలుస్తాయి. బొటనవేలంత స్టిక్కరు మీద ఆ గీతలు ఉన్నా లేనట్టే. గరుకు కాగితం తినేయగా మిగిలినదాన్ని ఈ ప్రింటరు మింగేసింది. అంతకన్నా ఘోరమైన సంగతి ఇంకోటుంది, అది షాపాయనకు తెలియదు. ఆ ఎనిమిదిని మొదటిసారి కంప్యూటర్ మీద చూసినప్పుడే మేనకోడలు అంది: "అత్తా, ఇది కాస్త మూడులా లేదూ?" ఉందని మెలికలమ్మకూ తెలుసు. కానీ ఆ అట్ట మీద అరుగుదల ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని పారేయడానికి చెయ్యి రాలేదు. "పక్కన అంకెలుంటే తెలిసిపోతుందిలే" అని తేల్చేసింది. తండ్రి ఉంటే చదివేవాళ్ల వైపు నిలబడ్డ ఆ పిల్ల మాట విని ఉండేవాడు.

షాపాయన మొహంలో నెత్తురుచుక్క లేదు. బిల్లులన్నీ వెనక్కి తిప్పాడు. నిన్న ఐదు నుంచి 'ఎనిమిది గంటలు' అని కొట్టినవి ఏడు. ఆరింటికి ఫోన్ నంబర్లున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంటే మెలికలమ్మ కౌంటర్ అంచు పట్టుకుని నిలబడింది. ఒకాయన ఇంకా మూతే తీయలేదన్నాడు. ఇద్దరికి డాక్టరు నోటితో చెప్పాడట. ఒకావిడ మూడు గంటలకే రెండోసారి తాగి కడుపులో మంటెత్తి మానేసిందట. మిగిలిన ఇద్దరివీ మాత్రలు, ఇవాళే మొదలుపెట్టారు. ఒక్కో ఫోన్ అయినప్పుడల్లా ఆమెకు ప్రాణం కాస్త లేచొచ్చేది, మళ్లీ తర్వాతి నంబరు నొక్కేసరికి జారిపోయేది.

ఏడోదానికి నంబరు లేదు.

"బిస్కెట్ ఫ్యాక్టరీ ఏప్రన్ వేసుకున్నావిడ. ఐదింటికి మొదట వచ్చింది ఆవిడే. నాలుగేళ్ల పాపకి జలుబు సిరప్. మొదటి చెంచా ఇక్కడే పోసింది" అని, షాపాయన గొంతు తగ్గించాడు. "అది కాస్త మత్తు మందండీ. మామూలుగా నోటితో కూడా చెప్పేవాణ్ణే. కౌంటర్ దగ్గర పదిమంది నిలబడ్డారు."

మెలికలమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఐదు, ఎనిమిది, పదకొండు, రెండు, ఐదు, ఎనిమిది. మూడు చెంచాలు పడాల్సిన చోట ఆరు. ఏడో చెంచా పదకొండింటికి. గోడ గడియారంలో పదీ ఇరవై.

మందు రాసిన క్లినిక్ రెండు వీధుల అవతల ఉంది. షాపాయన ఫోన్ చేస్తే ఎంతసేపటికీ ఎంగేజ్. "నేను వెళతాను" అంది మెలికలమ్మ. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆమెకే నమ్మకం కుదరలేదు.

క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి తల ఎత్తలేదు. "పేషెంట్ల అడ్రసులు బయటివాళ్లకి ఇవ్వమండి."

ఇంకో రోజైతే మెలికలమ్మ క్షమించమ్మా అని వెనక్కి తిరిగేది. ఇవాళ గుప్పిట్లో నలిగిన స్టిక్కర్‌ని ఆ అమ్మాయి ముందు పెట్టింది. "ఇదేంటో చదివి చెప్పమ్మా."

"ఒక చెంచా, మూడు గంటలకొకసారి."

"అది మూడు కాదు, ఎనిమిది. నిన్న మీ దగ్గరికొచ్చిన బిస్కెట్ ఫ్యాక్టరీ ఆవిడ నాలుగేళ్ల పిల్లకి అప్పట్నుంచీ పోస్తోంది."

ఆ అమ్మాయి కాగితం వంక చూసింది, ఈమె వంక చూసింది, రిజిస్టరు తెరిచింది. ఫ్యాక్టరీ వెనక పసుపు రంగు క్వార్టర్లు, రెండో బ్లాకు, నాలుగో అంతస్తు.

ఆటో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగింది. ఆగినప్పుడల్లా మెలికలమ్మ ముందు సీటు కడ్డీ పట్టుకుని "బాబూ, పోనివ్వు" అంటూనే ఉంది. "ఎగిరి పోవాలా అమ్మా?" అన్నాడు ఆటో అతను. క్వార్టర్ల గేటు దగ్గర ఒక కుక్క అడ్డంగా పడుకుని ఉంది. దాన్ని దాటుకుంటూ వెళ్లింది. లిఫ్టు ఎక్కింది. తలుపులు మూసుకుంటుంటే వాటి గురించి భయపడాలని గుర్తు కూడా రాలేదు. ఉన్న భయమంతా ఒక్కచోటికే చేరిపోయింది.

నాలుగో అంతస్తు వసారాలో ఉండగానే ఏదో ఇంట్లో ఫోన్ అలారం మోగింది. ఎవరో ఆపేశారు. మెలికలమ్మ ఆ తలుపే బాదింది.

తలుపు తీసిన ఆవిడకు ముప్పై ఏళ్లుంటాయేమో. ఒక చేతిలో చెంచా, రెండో చేతిలో సీసా. నిద్ర లేక కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"పొయ్యొద్దు" అంది మెలికలమ్మ. చెంచా పట్టుకున్న చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఎవరండీ మీరు?"

"మందుల షాపు నుంచి వచ్చానమ్మా. సీసా మీద తప్పు పడింది. ఎనిమిది గంటలకొకసారి పొయ్యాలి."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. "మూడనే ఉంది కదండీ" అని సీసా తిప్పి చూపించింది. "అలారం పెట్టుకుని మరీ పోశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంత అందంగా రాసిచ్చారు, మంచి డాక్టరనుకున్నాను." ఆ తర్వాత నెమ్మదిగా అంది: "మూడు రోజుల్నుంచి నిద్ర లేదు పిల్లకి. ఇప్పుడు హాయిగా పడుకుందిలే అనుకున్నా. మందు పోయాలని లేపుతుంటే లేవట్లేదు."

మంచం మీద పాప నోరు కొద్దిగా తెరుచుకుని పడుకుని ఉంది. తల్లి భుజం పట్టుకుని కుదిపితే తల ఒక పక్కకి వాలిపోయింది. కనురెప్పలు సగం లేచి మళ్లీ పడిపోయాయి. మెలికలమ్మ ఆ చిన్న ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగిలేదాకా ఆమెకు ఊపిరి ఆడలేదు.

కింద ఆటో ఇంకా ఉంది. ఈసారి అతను సిగ్నళ్లు చూడలేదు.

ఆసుపత్రిలో పాపను తలుపుల అవతలికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ సీసా చేతిలో తిప్పి చూసి, "మూడు గంటలకొకసారి ఎవరు పొయ్యమన్నారు?" అని అడిగింది. తల్లి సీసా వైపు చూపించింది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని, "ఇంకో రెండు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేను" అని లోపలికి వెళ్లిపోయింది. బెంచీ మీద తల్లి మెలికలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది, వదల్లేదు.

"దేవుడు పంపినట్టు వచ్చారు. ఏడోది కూడా పోసేసేదాన్ని" అంది.

మెలికలమ్మ తల దించుకుంది. ఒళ్లో ఫోన్ మోగింది. తెలిసిన నంబరే, షాపాయన. ఆమె కాస్త పక్కకి తిరిగి, ఆసుపత్రిలో ఉన్న సంగతి చెప్పింది.

"మీరు కంగారుపడకండి. ప్రింటర్‌లో ఇంకు అయిపోయి సగం పడిందని చెబుదాం. మిషన్ అన్నాక అవుతుంటాయి. మీ పేరు రాదు, నా పేరూ రాదు" అన్నాడు.

ఆ మాట ఎంత చల్లగా ఉందో దాచిపెట్టడం ఎందుకు? మెలికలమ్మకు నిజంగానే ప్రాణం కుదుటపడింది. ఆమె నోరు మూసుకుంటే చాలు. ఫాంటు ఎవరు చేశారో ఈవిడకేం తెలుసు? అసలు ఫాంటంటే ఏమిటో ఎవరికి పట్టింది? సరేనండీ అని ఫోన్ పెట్టేసింది.

అంతలో తల్లికి ఫోన్ వచ్చింది. భర్త లారీ డ్రైవరట, ఎక్కడో దారిలో ఉన్నాడు. అతని అరుపు బెంచీ అవతలికి కూడా వినపడింది. చదవడం కూడా రాదా, ఆ మాత్రం చూసుకోవద్దా అంటున్నాడు. ఆవిడ అన్నీ విని ఫోన్ పెట్టేసి మోకాళ్ల వంక చూస్తూ కూర్చుంది.

"ఆయనన్నదీ నిజమే కదండీ. నా చదువు అంతంత మాత్రం. ఎనిమిదిని పట్టుకుని మూడనుకున్నాను. ఇంకొకళ్లయితే పోల్చుకునేవాళ్లు. నా చేతులతో నేనే పోశాను."

లోపల పిల్ల లేవకపోతే ఈవిడ బతికినంతకాలం ఈ మాటే అనుకుంటుంది. చెబితే ఏమవుతుందో తెలియదు. కొడుతుందేమో, పోలీసుల్ని పిలుస్తుందేమో, ఆ లారీ అతను ఇంటి మీదికి వస్తాడేమో. ఆ భయం అంతా అలాగే ఉండగానే నోరు తెరిచింది.

"నీ తప్పు లేదమ్మా. నేనూ మూడనే చదివాను. ఆ క్లినిక్ అమ్మాయీ మూడనే చదివింది. ఇందాక డాక్టరమ్మా అదే చదివింది. ఆ అంకె రాసింది నేను."

ఆవిడ అయోమయంగా చూసింది.

"అక్షరాలు రాయడం నా పని. పాతగా కనపడాలని రాసినవాటిని గరుకు కాగితంతో రుద్దాను. రుద్దినప్పుడు ఆ ఎనిమిది మూడులా అయింది. మా మేనకోడలు నాకు చెప్పింది కూడా. నాకూ కనపడింది. అయినా మార్చలేదు."

"ఎందుకు?"

"బాగుందని."

ఆవిడ, తను విన్నది సరిగ్గానే విన్నానా అన్నట్టు అడిగింది. "అందంగా ఉందని వదిలేశారా?"

"అవునమ్మా."

ఆవిడ తన చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచి ఎదురుగా ఉన్న బెంచీ మీదికి వెళ్లి, తలుపుల వైపు తిరిగి కూర్చుంది.

మెలికలమ్మ మేనకోడలికి ఫోన్ చేసింది. ఫాంటు తీసెయ్యమంది. "ఎనిమిది ఒక్కటీ సరిచేస్తే చాలదా అత్తా? మూడేళ్ల పని" అంది ఆ పిల్ల. జరిగింది చెప్పేసరికి అటు నుంచి కీబోర్డు టకటకలాడింది.

"తీసేశాను" అంది. "కానీ అత్తా, ఇప్పటికే దించుకున్నవాళ్ల దగ్గర ఉన్నదాన్ని నేను తీయలేను. నాలుగు వేల చిల్లర మంది ఉన్నారు. వాళ్లు దాన్ని ఎక్కడెక్కడ వాడారో మనకి తెలియదు."

మెలికలమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. నాలుగు వేల మంది. ఎన్ని సీసాలు, ఎన్ని డబ్బాలు, ఎన్ని గోడలు, ఎన్ని తలుపులు. ఎక్కడో ఎవరో ఇప్పుడే ఒక చెంచా నింపుతూ ఉండొచ్చు. ఇన్నేళ్లూ కరెంటు బిల్లుకు భయపడిన మనిషి, భయమంటే ఏమిటో ఆ బెంచీ మీద నేర్చుకుంది. ఎదురుగా ఆ తల్లి కదలకుండా తలుపులే చూస్తోంది. ఈమె కూడా అవే చూస్తోంది. ఇద్దరి మధ్యా ఆరడుగులు కూడా లేవు.

రెండు గంటలు గడిచాయి. నర్సు బయటికొచ్చి తల్లిని మాత్రమే పిలిచింది. ఆవిడ పరుగులాంటి నడకతో లోపలికి పోయింది. తలుపులు మూసుకున్నాయి. మెలికలమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. లోపలి నుంచి ఏడుపు వినపడింది. పెద్దవాళ్లదో పిల్లలదో తెలియలేదు. ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుని, మళ్లీ తెరిచి, మళ్లీ మూసుకుంది.

కొంతసేపటికి తల్లి బయటికొచ్చింది. మొహం తడిసిపోయి ఉంది. ఆవిడ వచ్చి మెలికలమ్మ ఎదుట నిలబడింది, కూర్చోలేదు.

"లేచింది. నన్ను పోల్చుకుంది. గండం గడిచిందన్నారు" అంది.

మెలికలమ్మ చెయ్యి చాపబోయి ఆగిపోయింది.

"మీ మేనకోడలు ఫోన్‌లో అన్నది నాకు వినపడింది" అంది ఆ తల్లి. "ఇక్కడ కూర్చుని ఏం చేస్తారు? ఆ ఎనిమిది ఇంకెవరింట్లో ఉందో వెళ్లి చూడండి."

అని లోపలికి వెళ్లిపోయింది. మెలికలమ్మ గోడ పట్టుకుని లేచింది.